‘దేవుడి చిత్తం’ అనే ముందు

విశాఖపట్నం పెదజాలారిపేటలో ఒక ఇంటి ముందు టెంటు కింద కూర్చుని ఉన్నాం. వేటకెళ్లిన కుర్రాడు పడవలోంచి జారిపోయాడు, మూడో రోజున ఒడ్డుకి కొట్టుకొచ్చాడు. ప్రార్థన అయ్యాక మా సంఘపెద్ద ఒకాయన, మంచి మనసుతోనే, ఆ తల్లి దగ్గరకు వెళ్లి "ఊరుకో అమ్మా, అంతా దేవుడి చిత్తం" అన్నాడు. ఆవిడ తలెత్తి చూసింది. "అంటే నా కొడుకుని దేవుడే ముంచేశాడేటి బాబూ?" అంది. ఆయన ఏమీ అనలేకపోయాడు. పక్కనే ఉన్న నేనూ ఏమీ అనలేకపోయాను, ఎన్నో ఏళ్లుగా యువకులకు బైబిల్ తరగతి చెప్తున్నవాణ్ణి.

అప్పట్నుంచీ ఆ ప్రశ్న నన్ను వదల్లేదు. క్రైస్తవ బోధలో రెండు పెద్ద మాటలున్నాయి. ఒకటి దేవుని సార్వభౌమత్వం, అంటే లోకమంతా ఆయన ఏలుబడిలోనే ఉందని. రెండోది ప్రత్యక్షత, అంటే ఆ దేవుడు తనంతట తానే మనుషులకు తనను బయలుపరచుకున్నాడని. వీటిని మనం రెండు వేరు వేరు పాఠాలుగా చెప్పుకుంటాం, ఒక ఆదివారం ఇది, ఇంకో ఆదివారం అది. కానీ ఒకదాన్ని పట్టుకుని రెండోదాన్ని వదిలేస్తే ఏమవుతుందో నేను ఆ టెంటు కింద చూశాను. జరిగేదంతా దేవుడి చేతిలో ఉందని నమ్మడం ఒక సంగతి. జరిగినదాన్ని చూసి దేవుడి మనసులో ఉన్నది ఇదీ అని చెప్పేయడం పూర్తిగా ఇంకో సంగతి. మొదటిది మన విశ్వాసం. రెండోది మన విశ్వాసం పేరుతో మనం చేస్తున్న పొరపాటు.

మొదట సార్వభౌమత్వం అంటే ఏమిటో చూద్దాం, ఎందుకంటే మన తెలుగువాళ్లకి ఈ మాట చెవిన పడగానే మనసులో ఇంకేదో మెదులుతుంది. ‘తలరాత’ అనుకుంటాం, ‘రాసిపెట్టి ఉంది’ అంటాం. చర్చికి వెళ్లేవాళ్లం కూడా ఇంట్లో అవే మాటలు మాట్లాడుకుంటాం, అందులో తప్పుపట్టడానికేమీ లేదు, అది మన భాష. ‘శివుడి ఆజ్ఞ లేనిదే చీమైనా కుట్టదు’ అనే సామెత వింటూ పెరిగినవాళ్లకి మత్తయి సువార్త పదో అధ్యాయంలోని పిచ్చుకల మాట వెంటనే దగ్గరైపోతుంది: ‘మీ తండ్రి సెలవు లేక వాటిలో ఒకటైనను నేలను పడదు.’ రెండూ ఒకటే కదా అనిపిస్తుంది.

కానీ ఒక్క నిమిషం ఆగండి. ఆ వాక్యంలో ‘సెలవు’ అనే మాట మూల గ్రీకు భాషలో లేదు. అక్కడున్నది ‘మీ తండ్రి లేకుండా’ అని మాత్రమే. అర్థం తెలియడానికి అనువాదకులు ‘సెలవు’ అని చేర్చారు, అదేమీ తప్పు అర్థం కాదు, మిగతా భాషల్లోనూ అలాంటి మాటే చేర్చారు. అయినా మూలాన్ని ఉన్నదున్నట్టు చదివితే ఇంకొకటి వినిపిస్తుంది. పిచ్చుక పడినప్పుడు తండ్రి అక్కడే ఉన్నాడు. పర్మిషన్ కాగితం మీద సంతకం పెట్టి పంపించేసిన అధికారి కాదు, పడుతున్న పిచ్చుక పక్కన ఉన్న తండ్రి. తలరాతకి ముఖం ఉండదు. అది రాసినవాడు మనల్ని ప్రేమిస్తున్నాడా లేదా అనే ప్రశ్నే అక్కడ పుట్టదు. బైబిల్ చెప్పే ఏలుబడి ఒక వ్యక్తిది, అందుకే ఆయన మీద కోపం రావచ్చు, ఆయన్ని నిలదీయొచ్చు, అన్నీ పోగొట్టుకున్న యోబు చేసినట్టు. తలరాతతో ఎవరూ వాదించలేరు.

సరే, ఆయనే ఏలుతుంటే మరి మనుషులు చేసేదేమిటి? ఇది పాత చిక్కుముడి. యోసేపు కథ అందరికీ తెలిసిందే, అన్నలు అతన్ని అమ్మేశారు, ఏళ్లు గడిచాక ఐగుప్తులో అతను వాళ్లతో అన్నది ఆదికాండం చివరి అధ్యాయంలో ఉంది: మీరు నాకు కీడు ఉద్దేశించారు, దేవుడు దాన్నే మేలుకు ఉద్దేశించాడు. ఒకే సంఘటన, రెండు ఉద్దేశాలు. అన్నల తప్పు తప్పుగానే ఉంది, దేవుడి పని దేవుడి పనిగానే ఉంది, ఒకటి రెండోదాన్ని చెరిపేయలేదు. 1646లో ఇంగ్లండ్‌లో కాల్విన్ బాటలో నడిచే వేదాంతులు రాసిన వెస్ట్‌మిన్‌స్టర్ విశ్వాస ప్రమాణం దేవుని ఏర్పాటు గురించి చాలా గట్టిగా మాట్లాడుతుంది, జరిగేదంతా ఆయన నిర్ణయమే అంటుంది. ఆ వెంటనే అదే వాక్యంలో, దేవుడు పాపానికి కర్త కాడని, మనుషుల ఇష్టాన్ని ఆయన బలవంతం చేయడని, లోకంలోని మామూలు కారణాలు కారణాలుగానే పని చేస్తాయని కూడా అంటుంది. రెండూ ఒకే ఊపిరిలో ఎలా చెప్పారని తరగతిలో ఎవరో ఒకరు తప్పకుండా అడుగుతారు. బైబిల్ రెండూ చెప్పింది కాబట్టి వాళ్లు రెంటినీ వదల్లేకపోయారు, అదే నా జవాబు.

ఈ మామూలు కారణాల సంగతి మన ఊళ్లో బాగా అర్థం కావాలి. 2020 మే 7న తెల్లవారుజామున ఆర్.ఆర్. వెంకటాపురంలోని ప్లాస్టిక్ ఫ్యాక్టరీ నుంచి స్టైరీన్ అనే రసాయనం ఆవిరి లీకైనప్పుడు, జనం నిద్రలోంచి లేచి పరుగెడుతూ రోడ్ల మీద కుప్పకూలిపోయిన వీడియోలు చూడనివాళ్లు లేరు. ఆ తర్వాత కూడా ‘దేవుడి చిత్తం’ అన్నవాళ్లున్నారు. ఆ మాట నాకు నచ్చదు, గట్టిగానే చెప్తున్నాను. ట్యాంకులో రసాయనాన్ని చల్లగా ఉంచాల్సింది మనుషులు, అది వేడెక్కుతుంటే చూసుకోవాల్సింది మనుషులు. దాన్ని దేవుడి మీదకు తోసేస్తే, జవాబు చెప్పాల్సినవాళ్లు తప్పించుకోవడానికి మనమే దారి వేసినట్టవుతుంది. అపొస్తలుల కార్యములు రెండో అధ్యాయంలో పేతురు యేసు మరణం గురించి మాట్లాడుతూ, ఆయన దేవుని సంకల్పం చొప్పున అప్పగించబడ్డాడు అంటాడు, అక్కడితో ఆగకుండా ఎదురుగా ఉన్న జనంతో మీరు ఆయన్ని సిలువ వేయించి చంపారు అని కూడా అంటాడు. దేవుడి సంకల్పం ఉందని నేరస్థుల్ని వదిలిపెట్టలేదు.

పదహారో శతాబ్దపు ప్రొటెస్టంట్ సంస్కర్త కాల్విన్ వాళ్లకీ, హాలండ్ వేదాంతి ఆర్మీనియస్ వాళ్లకీ మధ్య నడిచిన తగవు ఈ ముడి గురించే. రక్షణలో దేవుడు మనిషిని ఎన్నుకోవడం ముందా, మనిషి ఇచ్చే స్పందన ముందా అన్నది అసలు ప్రశ్న. ఆర్మీనియస్ 1609లో చనిపోయాడు, ఆయన పక్షం వాళ్ల వాదనను 1618, 19 సంవత్సరాల్లో హాలండ్‌లోని డార్ట్ సభ తోసిపుచ్చింది, తర్వాత మెథడిస్టు ఉద్యమాన్ని మొదలుపెట్టిన వెస్లీ మళ్లీ ఆ వాదనకే దగ్గరయ్యాడు. 1947లో దక్షిణ ఇండియా సంఘం ఏర్పడినప్పుడు వెస్లీ వారసులైన మెథడిస్టులూ, కాల్విన్ వారసులైన ప్రెస్బిటేరియన్లూ ఒకే కప్పు కిందకు వచ్చారు. నాలుగు వందల ఏళ్లుగా తేలని విషయాన్ని ఇక్కడ తేల్చాలని నాకు లేదు. నన్ను కదిలిస్తున్న ప్రశ్న వేరు. ఏలేవాడు ఎలాంటివాడో మనకెలా తెలుస్తుంది?

సాయంత్రం ఆర్.కె. బీచ్‌లో నిలబడితే దూరంగా ఓడలు లంగరు వేసుకుని కనిపిస్తాయి. పెద్ద పెద్ద ఓడలు, ప్రపంచమంతా తిరిగొచ్చిన కెప్టెన్లు. అయినా డాల్ఫిన్స్ నోస్ కొండ పక్కనుంచి హార్బర్ లోపలికి వాళ్లంతట వాళ్లు రారు. పోర్టు నుంచి పైలట్ చిన్న బోటులో వాళ్ల దగ్గరకు వెళ్లాలి, తాళ్ల నిచ్చెన పట్టుకుని ఓడ ఎక్కాలి, లోతెక్కడుందో మలుపెక్కడుందో తెలిసిన ఆయన మాట విని ఓడ లోపలికి రావాలి. చూపు ఎంత బాగున్నా నీళ్లను పైనుంచి చూస్తే అడుగు ఎలా ఉందో తెలియదు. ప్రత్యక్షత గురించి క్రైస్తవులు చెప్పేది దాదాపు ఇదే. దేవుడు నిజంగా సర్వాధికారి అయితే ఆయన మన పరిశోధనకు చిక్కే వస్తువు కాడు. ఆయన్ని మనం కనిపెట్టలేం, ఆయనే వచ్చి చెప్పాలి. చెప్పాలా వద్దా, ఎప్పుడు చెప్పాలి, ఎవరితో చెప్పాలి అన్నది కూడా ఆయన ఇష్టమే. అంటే ప్రత్యక్షత అనేది కూడా ఆయన సార్వభౌమత్వంలోంచి వచ్చినదే. రెండు పాఠాలు కావని అన్నది అందుకే.

మరి సృష్టి సంగతేమిటి? ‘ఆకాశములు దేవుని మహిమను వివరించుచున్నవి’ అని పందొమ్మిదో కీర్తన అంటుంది కదా. యారాడ కొండ మీద నిలబడి సముద్రాన్ని చూసినవాడికి ఈ మాట వేరే విప్పి చెప్పక్కర్లేదు. రోమా పత్రిక మొదటి అధ్యాయంలో పౌలు కూడా దేవుని నిత్యశక్తి, దేవత్వం సృష్టిని చూస్తే తేటపడతాయంటాడు. దీన్ని సాధారణ ప్రత్యక్షత అంటారు. అందరికీ ఒక్కలాగే అందేది. కానీ పౌలు చెప్పిన రెండు మాటలు మళ్లీ చదవండి: శక్తి, దేవత్వం. సముద్రాన్ని చూస్తే దేవుడు ఎంత పెద్దవాడో తెలుస్తుంది. నా కొడుకుని ఆయన పట్టించుకున్నాడా లేదా అన్నది సముద్రం చెప్పదు.

దీని మీద 1934లో ఇద్దరు స్విట్జర్లాండ్ వేదాంతులు, కార్ల్ బార్త్, ఎమిల్ బ్రూనర్, తీవ్రంగా తలపడ్డారు. మనిషికి సృష్టి ద్వారా దేవుణ్ణి తెలుసుకునే చోటు కొంతైనా మిగిలి ఉందని బ్రూనర్ రాస్తే, బార్త్ ఇచ్చిన జవాబు పేరే ‘కాదు’. చదువుకునే రోజుల్లో బార్త్ మరీ మొండివాడనుకున్నాను. తర్వాత ఆ ఏడాది జర్మనీలో ఏం జరుగుతోందో చదివాక నాకు అర్థమైంది. హిట్లర్ అధికారంలోకి రావడాన్ని చూసి, ఇది చరిత్రలో దేవుడు చేస్తున్న పని, దేవుడు మన జాతితో మాట్లాడుతున్నాడు అని చర్చిల్లోనే ప్రకటించేవాళ్లు తయారయ్యారు. దేవుడు సార్వభౌముడు, ఇది జరిగింది, కాబట్టి ఇది దేవుడి మాట. లెక్క ఎంత సులువుగా కుదిరిందో చూడండి. దానికి ఎదురుగా 1934 మే నెలాఖరున బార్మెన్ అనే ఊళ్లో కొన్ని సంఘాల ప్రతినిధులు కలిసి ఒక ప్రకటన చేశారు, దాని రాతలో ముఖ్యమైన చెయ్యి బార్త్‌దే. లేఖనాలు సాక్ష్యమిచ్చే యేసుక్రీస్తే మనం వినాల్సిన, లోబడాల్సిన ఒకే ఒక దేవుని వాక్యం, సంఘటనల్నీ వ్యక్తుల్నీ శక్తుల్నీ దాని పక్కన ఇంకో వాక్యంగా నిలబెట్టకూడదు అన్నది అందులోని మొదటి అంశం సారం. బ్రూనర్ మాటలో కొంత న్యాయం ఉందని ఇప్పటికీ అనుకుంటాను. అయినా ఆ ఏడాది ఆ ‘కాదు’ అవసరమైంది.

జరిగినదాన్ని చూసి దేవుడి మనసు చదివేయడం జర్మనీ వాళ్ల జబ్బు మాత్రమే కాదు. 2014 అక్టోబరు 12, ఆదివారం. హుద్‌హుద్ తుపాను తీరం దాటిన రోజు. గంటకు దాదాపు 180 కిలోమీటర్ల గాలి. మధ్యాహ్నం ఒక దశలో ఉన్నట్టుండి గాలి ఆగిపోయింది, అయిపోయిందనుకుని జనం బయటికొచ్చారు, తీరా చూస్తే అది తుపాను కన్ను, కాసేపటికి గాలి రెండో వైపునుంచి మళ్లీ అందుకుంది. కైలాసగిరి మీద చెట్లు నేలకొరిగాయి, విమానాశ్రయం పైకప్పు లేచిపోయింది, రోజుల తరబడి కరెంటు లేదు, నీళ్లు లేవు. తర్వాతి వారాల్లో నేను విన్న ప్రసంగాల్లో కొన్ని ఇప్పటికీ గుర్తున్నాయి. ఊరి పాపానికి ఇది శిక్ష అన్నారొకరు. మా చర్చి కప్పు ఎగరలేదు, ఇది దేవుడి కృప అన్నారింకొకరు. మరి కప్పు ఎగిరిపోయిన చర్చిల మాటేమిటి? అక్కడ ప్రార్థన తక్కువైందా?

యేసు ముందుకీ ఇలాంటి ప్రశ్నే వచ్చింది. లూకా సువార్త పదమూడో అధ్యాయంలో ఉంది. సిలోయములో గోపురం కూలి పద్దెనిమిది మంది చనిపోయారు. వాళ్లు యెరూషలేములో ఉన్న మిగతా అందరికంటే పెద్ద అపరాధులని అనుకుంటున్నారా, కాదని మీతో చెప్తున్నాను, అన్నాడాయన. ఆ ‘కాదు’ దగ్గర మనం ఆగం. వెంటనే తర్వాతి మాటకు, అంటే మారుమనస్సు పొందకపోతే మీరూ నశిస్తారన్న మాటకు వెళ్లిపోతాం. ఆ మాటా ఉంది, నేను దాచట్లేదు. కానీ అది వింటున్నవాళ్లకి చెప్పిన మాట. శిథిలాల కింద ఉన్నవాళ్ల మీద ఇచ్చిన తీర్పు కాదు.

గాలి గురించే బైబిల్లో ఇంకో విచిత్రం ఉంది. హోరేబు కొండ మీద ఏలీయా ప్రవక్త ముందు బండల్ని చీల్చే గాలి వీచింది, ఆ గాలిలో యెహోవా లేడు అని రాసుంది. భూకంపంలో లేడు, మెరుపులో లేడు, చివరికి ‘మిక్కిలి నిమ్మళముగా మాటలాడు ఒక స్వరము’ వినబడింది. అదే యోబు గ్రంథం ముప్పై ఎనిమిదో అధ్యాయంలో యెహోవా సుడిగాలిలోనుంచే యోబుకి జవాబిచ్చాడు. దేవుడు గాలిలో ఉన్నాడా లేడా మరి? నాకు తోచింది చెప్తాను. రెండు చోట్లా గాలి ఆయన ఏలుబడిలోనే ఉంది, కానీ రెండు చోట్లా ఆ మనిషికి దేవుణ్ణి తెలియజేసింది గాలి కాదు, మాట. మాట లేని గాలికి అర్థం మనం కల్పిస్తే అందులో వినిపించేది మన గొంతే. పైగా యోబుతో మాట్లాడినప్పుడు కూడా దేవుడు కష్టానికి కారణం చెప్పలేదు. పాపం చేశావు కాబట్టి అనుభవిస్తున్నావని కారణం చెప్పింది స్నేహితులు, వాళ్లనే చివర్లో తప్పుపట్టాడు.

మాట అన్నాక అది వినేవాడి భాషలో ఉండాలి. ఇక్కడ మన ఊరికి ఒక చిన్న చోటుంది, చెప్పకుండా ఉండలేను. 1805లో జార్జ్ క్రాన్, అగస్టస్ డే గ్రాంజ్ అనే ఇద్దరు లండన్ మిషనరీ సొసైటీ తరఫున విశాఖపట్నం వచ్చి తెలుగు నేర్చుకున్నారు, ఆనందరాయర్ అనే తెలుగు విశ్వాసి సాయంతో సువార్తల్ని తెలుగులోకి తేవడం మొదలుపెట్టారు. క్రాన్ 1809లో, డే గ్రాంజ్ 1810లో పోయారు, అచ్చైన పుస్తకం ఇద్దరూ చూడలేదు. మూడు సువార్తలు 1812లో శ్రీరాంపూర్‌లో అచ్చయ్యాయి. దేవుడి మాట అంటే ఏదో ఒక్క పవిత్ర భాషలోనే ఉండాలని క్రైస్తవులు అనుకోరు. చంటిపిల్లతో మాట్లాడే దాది లాగా దేవుడు మన స్థాయికి వంగి మాట్లాడతాడని కాల్విన్ రాశాడు. మన ఇళ్లలో అమ్మమ్మ అన్నాన్ని ‘బువ్వ’ అంటుంది, నిద్రను ‘జోజో’ అంటుంది. అన్నం అనే మాట ఆవిడకి రాక కాదు. పిల్లకి అందాలని. లేఖనాల్లో దేవుడికి చెయ్యి ఉందని, ఆయన సంతాపపడ్డాడని చదివినప్పుడు నాకు ఆ ‘బువ్వ’ గుర్తొస్తుంది. ఆ మాటలో దేవుడి కొలతంతా పట్టదు, అయినా అబద్ధం లేదు. బువ్వ నిజంగా అన్నమే.

ఇంతకంటే కిందికి వంగడం ఒకటుంది. హెబ్రీ పత్రిక మొదటి వాక్యం చెప్పేది అదే, పూర్వం ప్రవక్తల ద్వారా నానా విధాలుగా మాట్లాడిన దేవుడు చివరికి కుమారుని ద్వారా మాట్లాడాడని. యోహాను ఇంకా సూటిగా, ‘ఆ వాక్యము శరీరధారియై’ అంటాడు. మనకి అవతారం అనే మాట అలవాటు, చాలామంది బోధకులూ అదే వాడతారు. ఒక తేడా మాత్రం గుర్తుంచుకోవాలి. క్రైస్తవుల నమ్మకంలో ఇది ఒక్కసారే జరిగింది, పని అయ్యాక విడిచిపెట్టే వేషం కాదు, తిరిగి లేచిన యేసు ఇప్పటికీ మనిషే. 1965 నవంబరులో కతోలిక సంఘపు రెండో వాటికన్ మహాసభ ప్రత్యక్షత మీద ఇచ్చిన పత్రంలో కూడా దేవుడు బయలుపరచింది ముందుగా తననే అని, స్నేహితులతో మాట్లాడినట్టు మనుషులతో మాట్లాడాడని ఉంటుంది. లేఖనానికీ సంఘ సంప్రదాయానికీ సంబంధం ఏమిటన్న దగ్గర కతోలికులూ ప్రొటెస్టంట్లూ ఇప్పటికీ ఒకటి కాలేదు. కానీ బయలుపడింది ఒక వ్యక్తి అన్న చోట తేడా లేదు.

ఇప్పుడు ఏలుబడి అనే మాటను మళ్లీ తీసుకోండి. సర్వాధికారం ఎలా ఉంటుందని ఊహించుకోమంటే మనకి మండలాధికారి నుంచి మహారాజు వరకూ గుర్తొస్తారు, ఆజ్ఞ ఇస్తారు, కాదన్నవాణ్ణి అణచేస్తారు. శిష్యుడు ఫిలిప్పు యేసుతో తండ్రిని మాకు చూపించు అని అడిగితే, నన్ను చూసినవాడు తండ్రిని చూశాడు అన్నాడాయన. ఏ రోజు అన్నాడు? శిష్యుల కాళ్లు కడిగిన రాత్రి. మర్నాడు సిలువ. అంటే లోకాన్ని ఏలేవాడు ఎలా ఉంటాడో చూడాలనుకుంటే ఆ నీళ్ల పళ్లెం దగ్గర, ఆ సిలువ దగ్గర చూడమంటున్నాడు. తుపాను దగ్గరా, ఎన్నికల ఫలితాల దగ్గరా, ఎవరి కప్పు ఎగిరింది ఎవరిది మిగిలింది అన్న లెక్క దగ్గరా కాదు.

ద్వితీయోపదేశకాండం ఇరవై తొమ్మిదో అధ్యాయం చివర్లో ఒక వాక్యం ఉంది, రహస్యాలు యెహోవాకు చెందుతాయి, బయలుపరచబడినవి మనకూ మన పిల్లలకూ చెందుతాయి అని. ఆ రెండో సగం చాలామందికి కంఠతా వచ్చు. మొదటి సగం కూడా దేవుడి మాటేనని మర్చిపోతాం. ఆ కుర్రాడు ఎందుకు చనిపోయాడన్నది మొదటి సగంలో ఉంది. దాన్ని నేను చెప్పబోతే, నాది కానిదాన్ని తీసుకుంటున్నట్టే.

రెండు నెలల తర్వాత ఆ ఇంటికి ఒక్కణ్ణే వెళ్లాను. ఆవిడ వల దగ్గర కూర్చుని ఉంది. ఆ రోజు మేమన్న మాట తప్పని, మాకు కారణం తెలియదని చెప్పాను. ఆవిడ తలూపింది. చదువు రాదు కాబట్టి ఏదైనా చదవమంది. యోహాను సువార్త పదకొండో అధ్యాయం తీశాను, చనిపోయిన లాజరును యేసు లేపిన సంగతి. ‘యేసు కన్నీళ్లు విడిచెను’ అన్న చోట చెయ్యి అడ్డుపెట్టి ఆపింది.

"ఇంకాసేపట్లో లేపుతాడని ఆయనకి తెలుసు గదా?"

"తెలుసమ్మా, అంతకుముందే శిష్యులతో చెప్పాడు."

"మరైతే ఎందుకు ఏడ్చాడు బాబూ?"

పుస్తకం మూయకుండా అలాగే కూర్చున్నాను. ఆవిడ వల పక్కకి జరిపి, "సరే, చదువు" అంది.